లేజర్ చట్రం, పాత కొక్కెం: పాక్షిక దంతాల డిజిటల్ ల్యాబు సేవపై ఒక వైద్యుడి సమీక్ష

ఒంగోలులో కృత్రిమ దంతాల వైద్యుడిగా ప్రాక్టీసు పెట్టిన నాటి నుంచి తీసిపెట్టుకునే పాక్షిక దంతాల లోహపు చట్రాలను, అంటే మా వాడుకలో సీపీడీలను, మైనంతో నమూనా తీర్చి పోత పోసే ఒకే ల్యాబుకు పంపుతూ వచ్చాను. అక్కడ చేయి తిరిగిన పెద్ద టెక్నీషియను పని మానుకున్న తరువాత వరుసగా మూడు చట్రాలు నోట్లో కూర్చోకుండా వెనక్కి వెళ్లాయి. దానితో హైదరాబాద్‌లోని ఒక డిజిటల్ ల్యాబుకు మారి, గత ఏడాదిన్నరలో 11 చట్రాలు చేయించాను. ఆ అనుభవం మీద రాస్తున్న సమీక్ష ఇది. ల్యాబు పేరు చెప్పడం లేదు, ఎందుకంటే మెచ్చుకోవలసినవాటితో పాటు తప్పులు కూడా రాయబోతున్నాను. పైగా ఇక్కడ తూచదలచింది ఒక దుకాణాన్ని కాదు, ఒక పద్ధతిని.

మన జిల్లాల్లో నాలుగైదు పళ్లు పోయినవారికి సాధారణంగా దొరికేది అక్రిలిక్ ప్లేటు. అది పళ్ల మీద ఆనదు, చిగుళ్ల మీద కూర్చుంటుంది. నమిలిన ప్రతిసారీ కొద్దికొద్దిగా కిందికి దిగుతూ, మిగిలిన పళ్ల చుట్టూ ఉన్న చిగురును ఒరుసుకుంటూ పోతుంది. లోహపు చట్రం అలా కాదు. పంటి నమిలే ముఖం మీద వైద్యుడు చెక్కిన చిన్న గుంటలో దాని రెస్టు, అంటే చట్రం నుంచి వచ్చే చిన్న లోహపు ఆనిక, ఆనుతుంది, కొక్కెం పంటి నడుము కింది వంపులోకి వెళ్లి పట్టుకుంటుంది, ఆ రెండింటినీ అవతలి వైపుతో ఒక కమ్మీయో, అంగిలి మీది పలుచని పట్టీయో కలుపుతుంది. భారం పళ్ల వేళ్ల మీదుగా ఎముకకు చేరుతుంది. ఇదంతా జరగాలంటే చట్రం తన చోట సరిగ్గా కూర్చోవాలి. కూర్చోని చట్రం అక్రిలిక్ ప్లేటు కంటే ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే అది గట్టిది, వంగదు, తాను చేరలేని చోటికి పళ్లను నెడుతుంది.

పాత పద్ధతిలో ఇబ్బంది ఎక్కడుందో తెలిస్తేనే కొత్తదాని విలువ తెలుస్తుంది. రాతి నమూనాను, అంటే గట్టి జిప్సంతో పోసిన దవడ నకలును, జెల్‌తో అచ్చు తీసి, వేడికి తట్టుకునే మట్టితో దాని నకలు పోసి, ఆ నకలు మీద మైనంతో చట్రం తీర్చి, మళ్లీ మట్టిలో పూడ్చి, కొలిమిలో మైనం కరిగించి, ఆ ఖాళీలోకి కోబాల్ట్-క్రోమియం లోహాన్ని పోస్తారు. ఆదిలాబాద్ డోక్రా కళాకారులు ఇత్తడి బొమ్మలను పోసేది కూడా ఈ సూత్రంతోనే. అయితే బొమ్మ ఏనుగు తొండం అర మిల్లీమీటరు లావైతే ఎవరూ అడగరు. కోబాల్ట్-క్రోమియం చల్లారేటప్పుడు పొడవులో సుమారు 2.3 శాతం కుంచించుకుపోతుంది. దానికి సరిపోయేంతగా మట్టి వ్యాకోచించేలా నీటి పాళ్లు, కొలిమి వేడి, పట్టిన సమయం అన్నీ టెక్నీషియను సరిచూసుకోవాలి. ఆ సరిచూపు పుస్తకంలో కంటే చేతిలో ఎక్కువ ఉంటుంది. మా పాత ల్యాబులో ఆ చేయి వెళ్లిపోగానే చట్రాలు చెడిపోవడానికి కారణం అదే.

డిజిటల్ పద్ధతిలో చట్రం తీర్చే మైనం, మట్టి, పోత కొలిమి మూడూ పోతాయి. నోటిని గానీ రాతి నమూనాను గానీ స్కాన్ చేస్తారు. కంప్యూటరులో నమూనాను అటూ ఇటూ వంచి చట్రం ఏ దిశలో నోట్లోకి దిగాలో నిర్ణయిస్తారు. ఏ పంటిలో ఎంత లోతు వంపు ఉందో రంగుల్లో కనిపిస్తుంది, అక్కరలేని వంపులను తెర మీదే పూడ్చి చట్రం గీస్తారు. ఆ ఫైలు యంత్రానికి వెళుతుంది. జడవాయువు నింపిన గదిలో పిండిలాంటి లోహపు పొడిని మిల్లీమీటరులో నలభయ్యో వంతు మందాన పరచి, కావలసిన చోట మాత్రమే లేజర్‌తో కరిగించి, దాని మీద మరో పొర పరుస్తూ పోతారు. మన ల్యాబులవారు దీనిని డీఎంఎల్ఎస్, అంటే డైరెక్ట్ మెటల్ లేజర్ సింటరింగ్, అంటారు. ఆ పేరు జర్మనీకి చెందిన ఈఓఎస్ సంస్థ వాడుకలోకి తెచ్చినది. పేరులో సింటరింగ్ అన్న మాట ఉన్నప్పటికీ పొడి కణాలు ఒకదానికొకటి అతుక్కోవడంతో ఆగవు, పూర్తిగా కరిగి ముద్దవుతాయి. బ్రిటన్‌లోని వేల్స్‌కు చెందిన పరిశోధకులు ఈ దారిలో చేసిన పాక్షిక దంతాల చట్రం గురించి 2006లోనే ప్రచురించారు. మన దగ్గర క్యాపులకు, బ్రిడ్జిలకు డీఎంఎల్ఎస్ మామూలైపోయి చాలా కాలమైంది. చట్రాల విషయంలో మాత్రం ఇప్పటికీ అడిగి చేయించుకోవలసి వస్తోంది.

నేను పంపిన 11 కేసుల్లో ఆరు, ఖాళీకి ముందూ వెనకా పళ్లున్నవి, అంటే దంతవైద్యుడు కెన్నెడీ 1925లో చేసిన వర్గీకరణలో మూడో తరగతివి. ఈ ఆరింటిలో ఐదు చట్రాలు మెటల్ ట్రయల్ రోజున, అంటే ఉత్త చట్రాన్ని నోట్లో పెట్టి చూసే రోజున, నేను అరగదీసే బర్ పట్టుకోకుండానే కూర్చున్నాయి. పాత పోత చట్రం వస్తే సిలికాన్ పేస్టు పూసి, ఎక్కడ లోహం మెరుస్తుందో చూసి, అక్కడ కాస్త అరగదీసి, మళ్లీ పూసి, ఇలా ముప్పావు గంట గడిపేవాడిని. ఇప్పుడు రెస్టు కింద ప్రోబు అనే సన్నని పరికరం మొన దూరుతుందా లేదా అని నాలుగు చోట్ల చూసుకుంటే సరిపోతోంది. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి పై దవడకు చేసిన చట్రం ఈ ఐదింటిలో మొదటిది. ఎనిమిదేళ్లు అంగిలినంతా కప్పిన అక్రిలిక్ ప్లేటుతో గడిపిన ఆయన, పళ్లు బిగించిన మూడో రోజున ఫోను చేసి, "డాక్టర్ గారూ, కాఫీ వేడి మళ్లీ తెలుస్తోందండీ" అన్నారు. రెండు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పోయి, అంగిలిలో చాలా భాగం బయటపడి, మిగిలిన చోట వేడిని అడ్డుకోని పలుచని లోహం రావడంతో వచ్చిన తేడా అది. ఇది పోత చట్రంతోనూ వచ్చేదే, లేజర్ గొప్పతనం కాదు. అయినా పరికరాలను మెచ్చుకునే మాటల్లో ఇలాంటివి కలిసిపోతుంటాయి కాబట్టి విడదీసి చెబుతున్నాను.

ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చింది యంత్రం కాదు, యంత్రానికి ముందు వచ్చే మెట్టు. చట్రం తయారు చేయడానికి ముందు డిజైనును ఫోనులోనే తిప్పి చూసుకునే లింకు పంపుతారు, మన సమ్మతి లేనిదే ఫైలు యంత్రానికి ఎక్కదు. పాత రోజుల్లో మాలో చాలామందిమి, దాపరికమెందుకు, నేను కూడా తీరిక లేనప్పుడు, ఆర్డరు కాగితం మీద "కింది సీపీడీ" అని రాసి మిగతాది ల్యాబుకు వదిలేసేవాళ్లం. రెస్టు ఏ పంటి మీద పెట్టాలో, కొక్కెం ఎటునుంచి రావాలో నోరు చూడని మనిషి నిర్ణయించేవాడు. ఇప్పుడు తెర మీద డిజైను కనబడుతుంటే సంతకం పెట్టి తప్పించుకోవడం కుదరదు. నాలుగో కేసులో కింది దవడ నాలుక వైపు కమ్మీని సాఫ్ట్‌వేర్ చూపిన చోట డిజైనరు చక్కగా గీసి పంపాడు. కమ్మీ ఎత్తు 4 మిల్లీమీటర్లు, చిగురు అంచు నుంచి దూరం 3 మిల్లీమీటర్లు, అంతా నియమం ప్రకారమే ఉంది. కానీ ఆ మనిషి నాలుక ఎత్తినప్పుడు నోటి అడుగు ఎంత పైకి వస్తుందో ఏ స్కానరూ చెప్పదు. నేను ప్రోబుతో కొలిచినప్పుడు ఆరు మిల్లీమీటర్లకు మించి చోటు లేదు. కమ్మీ బదులు పళ్ల వెనుక భాగాన్ని కప్పే ప్లేటుగా మార్చమని రాస్తే, అరగంటలో మార్చి పంపారు. అప్పటి నుంచి కింది దవడ కేసులన్నిటికీ ఆ కొలతలను మూడు చోట్ల తీసి ఆర్డరులో రాస్తున్నాను. స్కాన్ పంపితే నోరంతా పంపినట్టేనన్న భ్రమ ఇక్కడ తొలగిపోతుంది.

ఇక గట్టిగా ఫిర్యాదు చేయవలసిన చోటు, కింది దవడలో వెనుక పళ్లు లేని కేసులు. నా 11లో ఇవి నాలుగు. మిగిలిన ఒకటి ముందు పళ్లది, దాని గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. వెనుక పన్ను లేని చట్రానికి ఒక కొస పంటి మీద, మరో కొస చిగురు మీద ఉంటుంది. నొక్కితే పన్ను కదిలేది మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో, చిగురు అణిగేది దానికి ఎన్నో రెట్లు. నోట్లో తిప్పే స్కానరు చిగురును తాకదు, కాబట్టి భారం లేనప్పుడు ఉన్న రూపాన్నే పట్టుకుంటుంది. మొదటి రెండు కేసులను నేను ఉత్సాహంతో నేరుగా నోటి స్కాన్‌తోనే పంపాను. చట్రాలు పళ్ల మీద అద్దినట్టు కూర్చున్నాయి. ఫొటోలు తీసి స్నేహితులకు పంపాను కూడా. అక్రిలిక్, పళ్లు పూర్తయి వచ్చాక వెనుక మోలారు (పెద్ద దవడ పన్ను) మీద వేలితో నొక్కితే ముందు వైపు రెస్టు కంటికి కనబడేలా పైకి లేచింది. ఒకరికి నాలుగో నెలలో, మరొకరికి ఆరో నెలలో చిగురు వైపు రీలైనింగు, అంటే లోపలి ముఖానికి కొత్త పొర వేయడం, చేయవలసి వచ్చింది. దానికి ల్యాబును తప్పు పట్టను. తప్పు నాది, స్కానరు అమ్మిన ప్రతినిధి మాటలు విన్న నా చెవులది.

తరువాతి రెండు కేసులకు దారి మార్చాను. పళ్ల వరకు డిజిటల్, చిగురు వరకు పాత పద్ధతి. చట్రం వచ్చి పళ్ల మీద కూర్చున్నాక, దాని జాలీకి అక్రిలిక్ ట్రే అతికించి, అంచులను వేడికి మెత్తబడే గ్రీన్ స్టిక్‌తో తీర్చి, రెస్టుల మీద మాత్రమే వేళ్లతో పట్టుకుని, వెనుక భాగాన్ని నొక్కకుండా రబ్బరు కొలత, అంటే చిగురు అచ్చు, తీశాను. ఆ తరువాత ల్యాబు నమూనాలో చిగురు భాగాన్ని కోసి తీసేసి, చట్రాన్ని పళ్ల మీద బిగించి, కొత్త కొలతలో రాయి పోయాలి. పాఠ్యపుస్తకాల్లో ఆల్టర్డ్ కాస్ట్ పేరుతో ఉన్న పద్ధతే ఇది. మొదటిసారి పంపినప్పుడు ల్యాబు నుంచి ఫోను వచ్చింది: "సార్, చట్రంతో పాటు ఇంకో ఇంప్రెషన్ పంపారు, పొరపాటున వచ్చిందా?" తెర ముందు కూర్చున్న కుర్రవాళ్లకు ఈ పని నేర్పినవారు లేరు. అక్కడ దీనిని చేయగలిగినది పోత విభాగంలో మిగిలిన ఒకే ఒక్క పెద్దాయన. ఆయన చేసిన రెండు సెట్లూ ఇప్పటికీ కదలకుండా ఉన్నాయి. అలాంటివారు రిటైరైతే ఎంత కొత్త యంత్రం తెచ్చినా ఈ తరగతి కేసులకు ఆ ల్యాబును నేను ఎంచుకోను.

ఇదే వరుసలో చెప్పవలసిన చిన్న సంగతి మరొకటి ఉంది. నోటి స్కాన్ నుంచి చేసే కేసుల్లో నమూనాను రెజిన్‌తో ప్రింటు చేస్తారు. పళ్లు అమర్చిన మైనాన్ని మరిగే నీటితో కరిగించేటప్పుడు ఆ రెజిన్ నమూనా కొద్దిగా వంగింది, దానితో ఒక సెట్టులో కొరుకు ఎత్తుగా వచ్చింది. ఇప్పుడు వారు ప్రింటు నమూనాకు రాతి నకలు తీసుకుని దాని మీదే అక్రిలిక్ చేస్తున్నారు. అడగకుండా వారే మార్చుకున్నారు, అది మెచ్చుకోవలసిన విషయం.

కొక్కేల సంగతి చూద్దాం. కోబాల్ట్-క్రోమియం బంగారపు మిశ్రమాల కంటే రమారమి రెండు రెట్లు బిరుసు. అందుకే పంటి వంపులోకి పావు మిల్లీమీటరుకు మించి వెళ్లనివ్వకూడదని, కొక్కెం చేయి 15 మిల్లీమీటర్లయినా పొడవుండాలని చదువుకున్నాం. మోలారు మీద ఆ పొడవు దొరుకుతుంది, దాని ముందుండే చిన్న దవడ పన్ను, అంటే ప్రీమోలారు, మీద దొరకదు. ఈ విషయంలో లేజర్ చట్రానికి, పోత చట్రానికి తేడా లేదు. లోహం ఎలా తయారైనా పొట్టి కొక్కెం పొట్టిదే, అది వంగదు, పంటిని గుంజుతుంది లేదా అలసి విరుగుతుంది. నిజానికి పొడి కరిగించి చేసిన కొక్కెంలో పొరలు ఏ దిశలో పడ్డాయన్నది దాని ఆయుష్షు మీద ప్రభావం చూపుతుంది. కొక్కెం చేయి పొడవుకు పొరల హద్దులు అడ్డంగా పడేలా చట్రాన్ని యంత్రంలో నిలబెడితే, చిన్న రంధ్రం ఉన్న చోట పగులు మొదలవుతుంది. ఏ కోణంలో నిలబెట్టారని ల్యాబును అడిగితే మొదట జవాబు రాలేదు. రెండోసారి అడిగినప్పుడు యంత్రం నడిపే అతనే ఫోనులోకి వచ్చి ఓపికగా వివరించాడు. ప్రీమోలారు కేసుల్లో ఇప్పుడు నేను పాత చిట్కానే వాడుతున్నాను. తీగతో వంచిన కొక్కేన్ని అక్రిలిక్‌లో పాతించి, చట్రంలో ఆ చేయి లేకుండా గీయమంటున్నాను. డిజైనరుకు ఇది నచ్చదు. తెర మీద చట్రం అసంపూర్తిగా కనిపిస్తుందట!

తుది మెరుగు విషయంలో ఈ ల్యాబు స్థాయి ఒకేలా లేదు. యంత్రంలో చట్రాన్ని నిలబెట్టే సన్నని ఆధారపు స్తంభాలను బయటి ముఖం వైపు మాత్రమే ఇవ్వాలి, లోపలి ముఖాన్ని ముట్టుకోకూడదు. నేను చెప్పిన ఆరింటిలో కూర్చోని ఆ ఒక్కటి సరిగ్గా ఇందుకే కూర్చోలేదు. ఒక స్తంభపు మొదలు రెస్టు కింద ఆవగింజంత మిగిలిపోయింది, దాని మీద చట్రం ఊగింది. భూతద్దం కింద చూసి అరగదీస్తే రెండు నిమిషాల్లో తీరిపోయింది కానీ, హైదరాబాద్ నుంచి బయలుదేరే ముందే ఎవరైనా చూడవలసిన లోపం అది. ఇంతకంటే ముఖ్యమైనది వేడి చికిత్స. లేజర్ క్షణంలో కరిగించి క్షణంలో చల్లార్చడం వల్ల లోహంలో బిగువు మిగులుతుంది. చట్రం యంత్రపు పలక మీద ఉండగానే కొలిమిలో పెట్టి ఆ బిగువును తీసేయాలి. తొందరపడి ముందే కోస్తే గుర్రపు నాడా ఆకారపు చట్రం కొసలు విచ్చుకుంటాయి. ఈ ల్యాబు ఆ పని క్రమం తప్పకుండా చేస్తోందని, అడ్డంగా పెద్ద పట్టీ ఉన్న చట్రాలు కూడా రెండు వైపులా ఒకేసారి కూర్చోవడం చూసి నమ్ముతున్నాను. ఎలక్ట్రో పాలిషింగు బాగుంది. అంగిలి పట్టీల అంచులు మాత్రం నేను కోరినదానికంటే కొంచెం మందంగా వస్తున్నాయి, నాలుకకు తెలుస్తున్నాయి.

లోహం గురించి కాగితాలు అడిగితే ఇచ్చారు, ఇది అందరూ చేసే పని కాదు. సన్నని కొక్కేలున్న చట్రాలకు ఐఎస్ఓ 22674 ప్రమాణంలో ఐదో రకం లోహం కావాలి. శాశ్వతంగా వంగిపోవడానికి ముందు కనీసం 500 మెగాపాస్కల్ తట్టుకోవాలి, తెగే ముందు కనీసం 2 శాతమైనా సాగాలి. పొడి తయారీదారు ధ్రువపత్రంలో రెండూ ఉన్నాయి, నికెల్ గానీ బెరీలియం గానీ కలపలేదని కూడా ఉంది. కోబాల్ట్‌ను యూరోపియన్ యూనియన్ 2021 అక్టోబరు నుంచి క్యాన్సరు కలిగించగల పదార్థాల జాబితాలో పైవర్గంలో చేర్చింది. ఇందులో నేను ముందుగా ఆలోచించేది నోట్లో పెట్టుకునేవారి గురించి కాదు, రోజంతా ఆ లోహాన్ని అరగదీసే టెక్నీషియన్ల గురించి. దుమ్ము పీల్చే యంత్రాలు బల్ల బల్లకూ ఉన్నాయని ల్యాబుకు వెళ్లినప్పుడు చూశాను. మాస్కులు కొందరి గడ్డాల కింద ఉండటం కూడా చూశాను.

పీక్ అనే తెల్లటి ప్లాస్టిక్ చట్రాలను కూడా చేస్తామన్నారు. లోహం కనపడకూడదనుకునేవారికి పనికొస్తాయేమో గానీ, అంత మెత్తని పదార్థంతో భారం ఒక వైపు నుంచి మరో వైపుకు చేరాలంటే మందం పెంచాలి. నేను తీసుకోలేదు.

ధర పాత పోత చట్రానికి ఇచ్చినదానికి సుమారు ఒకటిన్నర రెట్లు పడుతోంది. డిజైనుకు సమ్మతి ఇచ్చిన నాటి నుంచి చట్రం చేతికి రావడానికి ఆరేడు రోజులు, కొరియరు దయ ఉంటే ఐదు. కుర్చీలో నాకు మిగిలే సమయాన్ని లెక్కవేసుకుంటే ఈ ధర గిట్టుతుంది, కానీ ఆ మిగులు రోగికి కనబడదు కనుక బిల్లులో పెంపును వారికి విడమరిచి చెప్పవలసి వస్తోంది.

కాఫీ వేడి తెలిసిందన్న మాస్టారు పద్నాలుగో నెలలో మళ్లీ వచ్చారు. ఎడమవైపు కొక్కెం విరిగింది. రోజూ ఆ ఒక్క కొక్కెంలోకి గోరు దూర్చి సెట్టు తీస్తున్నారని అప్పుడు తెలిసింది. రెండు వైపులా పట్టుకుని తీయాలని చెప్పినట్టు నాకు గుర్తు, విన్నట్టు ఆయనకు గుర్తు లేదు. పాత రోజుల్లో అయితే కొత్త కొలతలతో మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్లం. ల్యాబులో ఫైలు భద్రంగా ఉంది. ఆ కొక్కెం మొదలును కొంచెం లావు చేసి, ఆరు రోజుల్లో కొత్త చట్రం పంపారు. నోట్లో పెడితే కుడివైపు రెస్టు అర మిల్లీమీటరు పైన ఆగింది. "అచ్చు మొదటిదే కదండీ, మరి ఎందుకు దిగడం లేదు?" అని మాస్టారు అడిగారు. చూస్తే, మధ్యలో వేరే ఊళ్లో ఆ పంటికి పాత ఫిల్లింగు తీయించి కొత్తది పెట్టించుకున్నారు, నేను చెక్కిన గుంట దాని కింద పూడిపోయింది. ఫిల్లింగును అరగదీసి గుంటను మళ్లీ తెరిచాక చట్రం దిగింది. ఫైలు ఉంది కదా అని నోరు చూడకుండా ఆర్డరు ఇచ్చింది నేనే, అందుకు మాస్టారి దగ్గర ఆ పూట డబ్బు తీసుకోలేదు.

పన్నెండో కేసు కనిగిరి దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒకామెది. ఫ్లోరైడు నీళ్ల వల్ల పళ్లపై ఎనామిల్ పొర పెచ్చులుగా ఊడి ఉంది, కింది దవడలో రెండు వైపులా వెనుక పళ్లు లేవు. రెస్టు గుంటలను ఫిల్లింగులోనే చెక్కి, నోటి స్కాన్ తీయకుండా రబ్బరు కొలతతో రాతి నమూనా పోసి, నోటి అడుగు కొలతలు మూడు చోట్ల రాసి, ప్రీమోలార్లకు తీగ కొక్కేలు అని గుర్తుపెట్టి నిన్న కొరియరులో వేశాను. చిగురు కొలత తీశాక దానిని ఆ పోత విభాగం పెద్దాయనకే ఇవ్వాలని ఆర్డరు కాగితం అడుగున వేరే సిరాతో రాశాను.